బెర్లిన్‌లో బోర్లించిన రాగిచెంబు

1996లో నేను రాజమండ్రిలో ఒక చిన్న ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్‌ని. రచయితలు చేత్తో రాసిచ్చింది కంప్యూటర్‌లో టైపు చేసి, పేజీలుగా అమర్చడం నా పని. ఎన్ని పుస్తకాలు చేశానో లెక్కలేదు గానీ, మూర్తిగారి గూఢచారి కథలు మాత్రం మరిచిపోలేను.

మూర్తిగారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. విశాఖపట్నం దాటి ఎరగరు. ఆయన గూఢచారి మాత్రం బెర్లిన్‌లో టిఫిను చేసి పారిస్‌లో భోంచేసేవాడు. టైపు చేస్తూ నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఇంకో వింత ఏమిటంటే, ప్రతి కథలోనూ శత్రువులు తరుముతుంటే వాడు ఏదో ఒక ఇంటి పెరట్లోకి దూకేవాడు. అక్కడ నూతి గట్టుమీద ఒక రాగిచెంబు బోర్లించి ఉండేది. అది చూసి తలుపు తోసేవాడు. గడియ వేసి ఉండేది కాదు. కథకీ ఆ చెంబుకీ ఏ సంబంధమూ లేదు.

పుస్తకాన్ని ఫారాలుగా అచ్చు వేస్తారు. ఫారం అంటే పదహారు పేజీలు. మూర్తిగారి పుస్తకం ఫారాలు నిండి, పైన రెండు పేజీలు మిగిలాయి. ఆ రెండింటికోసం ఇంకో ఫారం వెయ్యనని మా ఓనరుగారు తెగేసి చెప్పారు. ఏం తగ్గించాలో రచయితనే అడగమన్నారు.

"బెర్లిన్‌లో రాగిచెంబు ఏంటండి మాస్టారూ! ఈ చెంబులన్నీ తీసేస్తే రెండు పేజీలూ సర్దుకుంటాయండి" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "అవి ఉంచమ్మా. కావాలంటే ఫైటింగులు తీసెయ్యి."

"ఫైటింగులు లేకపోతే ఎవరు చదువుతారండి?"

"చదవాల్సింది ఒక్కడేనమ్మా. మా అన్నయ్య."

అప్పుడు చెప్పారు. వాళ్ల అన్నయ్యకి సెకండ్ షోల పిచ్చి, డిటెక్టివ్ పుస్తకాల పిచ్చి. సినిమాకి వెళ్లిన రోజున తండ్రి వీధి తలుపుకి తాళం వేసేవారట. తండ్రి పడుకున్నాక తమ్ముడు పెరటి తలుపు గడియ తీసి, నూతి గట్టుమీద చెంబు బోర్లించేవాడు. లోపలికి రావచ్చని అది ఇద్దరి మధ్యా గుర్తు. ఒకనాడు తండ్రితో మాటామాటా పెరిగి అన్నయ్య ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు.

"ఉత్తరం రాద్దామంటే అడ్రసు లేదమ్మా. ఏ ఊళ్లో ఉన్నా అద్దె పుస్తకాల షాపుకి వెళ్లకుండా ఉండలేడు. ఇలాంటి పుస్తకం చూస్తే వదల్లేడు. చెంబు కనపడితే తెలుస్తుందిగా, ఇక నాన్నగారి భయం లేదని, తలుపు తీసే ఉందని."

నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం కూర్చుని ఫైటింగులు కోసేశాం. పారిస్‌లో కార్ల ఛేజు మొత్తం ఎగిరిపోయింది. చెంబులు ఒక్కటీ కదల్లేదు.

పుస్తకం వచ్చాక కాపీలు ఇవ్వడానికి ఆయన ఇంటికి వెళ్లాను. వీధి తలుపు ఎంత కొట్టినా ఎవరూ పలకలేదు. పక్క సందులోంచి పెరటివైపు వెళ్లాను. నూతి గట్టుమీద రాగిచెంబు బోర్లించి ఉంది. చింతపండుతో తోమినట్టు తళతళలాడుతోంది. తలుపు తోస్తే తెరుచుకుంది.

"వచ్చావా అన్నయ్యా?" అంది లోపలినుంచి మాస్టారి గొంతు.

గుమ్మంలో ఆగి, చేతిలోని పుస్తకాల కట్ట కింద దించాను.

పుస్తకాలు వందలమంది కోసం అచ్చు వేస్తామనుకునేదాన్ని. ఒక్క మనిషి కోసం కూడా వేస్తారని ఆ గుమ్మంలో తెలిసింది. మూర్తిగారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ పాత పుస్తకాల షాపుల్లో ఎక్కడైనా ఆ పుస్తకం కనిపిస్తే, నేను కొనను. దుమ్ము తుడిచి, అందరికీ కనపడేలా పైన పెట్టి వస్తాను.