గడి ముందు నడిచే వేళ

ఆ ఉదయం మా నాన్న, అంటే మా బాపు, చొక్కా గుండీలు పెట్టుకోలేక మంచం మీద కూర్చుండిపోయాడు. "చేతి ఏళ్లు మాట ఇంటలెవ్వు బిడ్డా" అన్నాడు. నేనే పెట్టి, కాలేజీలో పాఠం చెప్పడానికి జనగామ బస్సెక్కాను.

నర్మెట్టలో ఆరెంపీ డాక్టరు వాతమని సూదులిచ్చాడు. జనగామలో మెడ ఎముకలని ఎక్స్‌రే తీశారు. ఆలోపు నడుము వంగింది, అడుగు చిన్నదైంది. చివరికి వరంగల్‌లో న్యూరాలజిస్టు బాపు మణికట్టు తిప్పి చూసి, "కండరాలు బిగుసుకున్నాయి, రిజిడిటీ ఉంది, ముఖంలో ఎక్స్‌ప్రెషన్ తగ్గింది. పార్కిన్సన్స్" అన్నాడు.

"మా బాపు ముఖంల ఎక్స్‌ప్రెషన్ ఎప్పుడుండె సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నయం కాదమ్మా, కంట్రోల్ చేస్తాం. నడక ఆపితే మాత్రం మంచాన పడతాడు."

ఏడుపు రాలేదు. మందుల షాపు ఎటని అడిగాను.

లెవోడోపా మాత్రలు మొదలయ్యాయి. వాంతులయ్యాయి. డోసు తగ్గించారు, మళ్లీ పెంచారు. బాపు మాత్ర మింగుతాడు గానీ గడప దాటడు. డిప్రెషనేమోనని ఇంకో మాత్ర రాయించాను. తేడా లేదు.

ఒకరోజు పక్కింటి సత్తెమ్మ నవ్వులాటకు అన్నది: "ఏంది మామా, దొర ముందట నిలవడ్డట్టు గట్ల వంగినవ్?"

బాపు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు.

మా ఇంటి నుంచి బజారుకు దారి ఒకప్పుడు దొర ఉన్న కోటలాంటి గడి ముందు నుంచే. ఆ గడి ముందు మా తాత చెప్పులు చేతబట్టుకుని, వంగి నడిచేవాడు. అది చూసినందుకే బాపు మీసాలు రాకముందే తెలంగాణ సాయుధ పోరాటంలో దళంతో వెళ్లాడు. తిరిగొచ్చాక ఆ దారిలో తల వంచింది లేదు.

"గడిల ఇప్పుడెవరున్నరు బాపూ? గబ్బిలాలున్నయి" అన్నాను.

"ఉండనీ."

"గబ్బిలాలకు సిగ్గువడుతున్నవా?"

"గడి ముందటికెల్లి వంగి నడువ. నువ్వెంత లొల్లి వెట్టినా నడువ."

"వంగవెట్టింది రోగం, దొర కాదు."

"సూసెటోనికి గది ఎర్కనా?"

 

ఇదంతా వరంగల్ డాక్టరుకు చెప్పాను. "మాత్ర వేసుకున్నాక ఒళ్లు ఎప్పుడు తేలికవుతోంది? దాన్ని ఆన్ టైమ్ అంటాం. అప్పుడు నడుమూ కొంత లేస్తుంది, ఆ వేళకు బయలుదేరండి" అన్నాడు. గమనిస్తే, మాత్ర వేసుకుని నేను అన్నం వండి దించేసరికి బాపు లేచి తిరుగుతున్నాడు. ఆ వేళ చూసి బయలుదేరాం. గడి దగ్గర నడుము ఎత్తాడు. పూర్తిగా రాలేదు, వచ్చినంత ఎత్తాడు. హోటల్లో చాయ్ తాగి వచ్చాం. సంతోషమనిపించలేదు. మాత్ర బలం ఇంకా దిగలేదని మాత్రం అనుకున్నాను.

ఇప్పుడు మాత్ర బలం తొందరగా దిగిపోతోంది. దీన్ని వేరింగ్ ఆఫ్ అంటున్నారు డాక్టర్లు. మొన్న గడి ముందరే కాళ్లు అతుక్కుపోయాయి. పట్టుకోబోతే, "ఇడువు. కాళ్లు నడిచినప్పుడు నడుస్త" అన్నాడు. పక్కన నిలబడ్డాను. దారిన పోయేవాళ్లు చూశారు. కాసేపటికి అడుగు పడింది.

ఇళ్లలో ఇలాంటి రోగి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మాత్ర పనిచేసే ఆ కొద్ది వేళను మేము మొదట్లో స్నానానికి, చూడవచ్చిన చుట్టాలకు ఖర్చు పెట్టాం. మీరు పెట్టకండి. ఎక్కడికి పోవాలనుందో ముందు మనిషిని అడగండి.