పడవ కింద ఎనిమిది క్యాప్ లైట్లు

కాస్త ఇటు జరగండమ్మా. గోడకు ఆనుకొని కూర్చోండి, చంటిపిల్లలుంటే ఒళ్ళో వేసుకోండి. నేను చదివింది ఐదో తరగతి దాకానే. కానీ కళ్ళతో చూసిందీ చెవులతో విన్నదీ ఒక్కటీ మరిచిపోలేదు. ఇది తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ళ ముందు సంగతి.

మా క్వార్టర్లకు అవతల ఒక పాత ఓపెన్ కాస్టు, అంటే పైనుంచే తవ్వుకుపోయే బొగ్గుగని, ఉండేది. బొగ్గంతా తీసుకొని, ఊరంత గుంతను మాకు వదిలిపెట్టారు. నాలుగు వానాకాలాలకు అది నీళ్ళతో నిండింది. చాలా ఏళ్ళు అక్కడ "ప్రమాదం, ఇటు రావద్దు" అనే బోర్డు ఉండేది. కొత్తగా వచ్చిన మేనేజరు సారు ఆ గుంతకు చెరువని పేరు పెట్టి, పాత బోర్డు పీకించి, "స్వాగతం" అని ఇంకొకటి పాతించాడు. బోర్డు మారగానే లోతు తగ్గిందేమో, మాకేం తెలుసు, మేం పెద్దగా చదువుకోలేదు కదా.

సారు చెడ్డమనిషి కాదు. కోస్తా నుంచి వచ్చాడు, మాట మెత్తన, చొక్కా ఇస్త్రీ నలగనివ్వడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, ఆలోచనలు రావడం. ఎక్కడో సముద్రం ఒడ్డు ఊరికి టూరు పోయి, అక్కడ డబ్బున్నవాళ్ళ పడవల అడుగున దీపాలుండటం చూసొచ్చాడట. పడవ కదులుతుంటే దాని కింద నీళ్ళు నీలంగా మెరుస్తాయట. ఇంకేముంది, ఒక పడవ తెప్పించాడు, మా గుంతకు కూడా ఆ యోగం పట్టింది. మా వాడలో వీధి దీపాలు సగం వెలిగేవి కావు. ఆ సంగతి ఎవరికీ కనపడలేదు గానీ, నీళ్ళ అడుగున చేపలు చీకట్లో తిప్పలు పడుతున్నాయని సారుకు తోచింది.

ఇక మా ఆయన గురించి చెప్పాలి. ఇరవై ఏళ్ళు బాయిలో పనిచేశాడు. మేము గనిని బాయి అంటాం. ఒకరోజు పైకప్పు కూలి ఎడమ మోకాలు నలిగింది. మూడు నెలలు దవాఖానలో పడుకున్నాక, కాళ్ళావేళ్ళా పడితే పైనే కూర్చుని లైట్లిచ్చే పని ఇచ్చారు. అదీ ఆరు నెలలకే. పనితీరు చూసి అక్కడే ఉంచడమో, మళ్ళీ కిందికి దించడమో. ఆ మోకాలితో కిందికి దిగితే మనిషి మిగలడని నాకు తెలుసు. నేను ఆ ఆరు నెలలూ దేవుడికి మొక్కిన మొక్కులు తీర్చాలంటే ఇంకో జన్మ కావాలి.

లైట్ల గదిలో గోడ నిండా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక నంబరు, ఒక్కో నంబరుకు ఒక మనిషి. టోపీకి తగిలించుకొనే లైటు అక్కడుంటుంది. దిగేటప్పుడు తన నంబరు బిళ్ళ ఇచ్చి లైటు తీసుకుపోతారు, పైకొచ్చాక అదే కొక్కేనికి తగిలిస్తారు. లైటు వేలాడుతుంటే మనిషి పైన ఉన్నట్టు. కొక్కెం ఖాళీగా ఉంటే ఇంకా లోపలే ఉన్నట్టు. మా ఆయన మీద కప్పు కూలిన రోజు, ఆయన రాలేదని ముందు చెప్పింది పక్కన పనిచేసే మనిషి కాదు, ఖాళీ కొక్కెమే.

ఆ ఆరు నెలలు నిండవచ్చిన ఒక రోజు మధ్యాహ్నం నేను అన్నం గిన్నె తీసుకొని పోయేసరికి సారు అక్కడే ఉన్నాడు.

"ఏమయ్యా, ఓ ఎనిమిది లైట్లివ్వు. సాయంత్రం పై ఆఫీసు నుంచి పెద్ద సారు వస్తున్నారు. పడవ కింద కట్టించాలి."

"పడవ కిందనా సార్?"

"బాయిలో పైనుంచి నీళ్ళు కారినా ఆరవు కదా మీ లైట్లు?"

"కారుడు వేరు, మునుగుడు వేరు సార్. లోపలికి నీళ్ళు పోతయ్."

"గంటలో ఏం కాదులే. ఇవాళ డ్యూటీకి రానివాళ్ళవి ఇవ్వు."

"బిళ్ళ లేకుంట ఇచ్చుడు లేదు సార్. రాసుకోవాలె."

"రాయకు. రాత్రికల్లా తెప్పించేస్తాను. ఆ మూలనున్న పాడైన లైట్లు కొక్కేలకు తగిలించు, నిండుగా కనబడుతుంది." వెళ్ళబోతూ ఆగి, చాలా మెత్తగా, "నీ ఆరు నెలల కాగితం నా బల్ల మీదే ఉంది. చూస్తాలే" అన్నాడు.

ఇంత మర్యాదగా బెదిరించడం మా దగ్గర ఎవరికీ చేతకాదు.

ఎనిమిది లైట్లూ సారు వెంట పోయాయి. మా ఆయన ఎనిమిది ఖాళీ కొక్కేల వంక చూస్తూ అన్నం కలపడం మరిచిపోయాడు.

"తగిలియ్యరాదు, ఏం పోయింది? సంతకం ఆయన చేతుల ఉన్నది" అన్నాను. అవును, ఆ మాట అన్నది నేనే. దాచుకోను.

"చెడిపోయిన లైటు తగిలిస్తె మనిషి ఇంటికి వోయిండనుకుంటరే. రేపు నిజంగ ఎవడన్న లోపలుంటె?"

"గాళ్ళు ఇయ్యాల డ్యూటీకే రాలే గదా?"

"ఇయ్యాల రాలే. ఒక్కసారి గోడ అబద్ధం చెప్పిందంటె ఇగ రోజూ చెప్తది."

నేను గిన్నె సర్దుకొని కోపంగా వచ్చేశాను.

సాయంత్రం ఆడవాళ్ళందరం మంచి చీరలు కట్టుకొని హారతి పళ్ళాలతో గుంత ఒడ్డున నిలబడాలని సారు కబురు పంపాడు. పెద్ద సారు వస్తే మేము సంతోషపడుతున్నట్టు కనబడాలట. నిలబడ్డాం. గాలికి కర్పూరం ఆరిపోవడం, వెలిగించడం, మళ్ళీ ఆరిపోవడం. పెద్ద సారు వచ్చాడు, నెరిసిన జుట్టు, తక్కువ మాట. ఇద్దరు సార్లూ పడవెక్కారు. పొద్దు గూకుతుండగా కింద లైట్లు వెలిగాయి.

నీలమేం లేదమ్మా. గుంత నీళ్ళు టీ డికాక్షను రంగులో వెలిగాయి. అందులో ఒక ప్లాస్టిక్ కవరు, ఒంటి చెప్పు, కొంచెం నాచు చాలా అందంగా కనబడ్డాయి. ఇంతకుముందు చీకట్లో ఉన్నందుకు ఆ చెప్పు ఎంత బాధపడిందో. అంతలోనే రెండు లైట్లు ఆరిపోయాయి, మూడోది మిణుకుమంటోంది.

"ఏందే, గీ చెప్పును చూపెట్టనీకేనా మనల్ని పట్టుచీరలు కట్టుకోమన్నరు?" అంది పక్కింటి అక్క.

"ఊకోవే అక్క, చప్పట్లు కొట్టు" అన్నాను.

చప్పట్లు కొడుతుంటేనే మా ఆయన కనబడ్డాడు. కుంటుకుంటూ, చెమటలు కక్కుతూ, తిన్నగా నీళ్ళ అంచుదాకా వచ్చి అరిచాడు.

"సార్! ఎనిమిది మంది ఇంక పైకి రాలే!"

చప్పట్లు ఆగిపోయాయి. పెద్ద సారు పడవలో లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. మా సారు ఇస్త్రీ చొక్కాతో పడవ అంచును కావలించుకున్నాడు.

"ఏ బాయి?" అని అరిచాడు పెద్ద సారు.

"బాయిల కాదు సార్. మీ కాళ్ళ కింద."

ఇక అక్కడి నుంచి మొత్తం చెప్పాడు. మొదటి షిఫ్టు అయిపోయింది, అందరూ పైకి వచ్చారని రాసిమ్మన్నారు, ఎనిమిది కొక్కేలు ఖాళీగా ఉండగా రాయలేదు. రెండో షిఫ్టు సూపర్‌వైజర్ ఆ కొక్కేలు చూసి సైరన్ కొట్టిస్తానన్నాడు. సైరన్ మోగితే ఇక్కడున్న ఆడవాళ్ళ గుండెలు ఆగుతాయని, అరగంట ఆగమని, నేను పోయి తెస్తానని ఒప్పించి వచ్చాడు.

"ఖాళీగా ఎందుకుంచావు? పాతవేవో పెట్టవలసింది" అన్నాడు పెద్ద సారు, పరీక్షిస్తున్నట్టు.

"పెట్టుమన్నరు సార్. నేనే పెట్టలే."

ఎవరన్నారని పెద్ద సారు అడగలేదు. పక్కకు తిరిగి చూశాడంతే. ఆరు నెలల కాగితం ఆ క్షణంలోనే గుంతలో మునిగిపోయిందనుకొని నేను కళ్ళు మూసుకున్నాను.

పడవను ఒడ్డుకు తిప్పించారు. నీళ్ళు కారే లైట్లను విప్పి మా ఆయన భుజాన వేసుకున్నాడు. పెద్ద సారు కారెక్కలేదు. లైట్ల గది దాకా మా ఆయన కుంటి నడకకు తగినట్టు మెల్లగా పక్కనే నడిచాడు. తానూ చిన్నప్పుడు బాయి దిగినవాడినేనని దారిలో చెప్పాడట. గదిలో ఒక్కో లైటూ తగిలిస్తుంటే ఒక్కో నంబరూ తనే పైకి చదివాడట. ఎనిమిదీ అయ్యాక, అందరూ పైకి వచ్చారని మా ఆయన కాగితం రాసిచ్చాడు.

వారం తర్వాత పొద్దున్నే మెమో వచ్చింది. బిళ్ళ లేకుండా లైట్లు ఎందుకిచ్చావో మూడు రోజుల్లో చెప్పాలట. అడిగినవాడే మెమో రాయడమంటే ఎంత శ్రద్ధ చూడండి. "సారు అడిగితే ఇచ్చినాను, కొక్కేలు ఖాళీగా ఉంటే తెచ్చినాను" అని మా ఆయన రెండు ముక్కల్లో జవాబు రాశాడు. మధ్యాహ్నానికి ఇంకో కాగితం వచ్చింది. ఈ మనిషిని లైట్ల గదిలోనే ఉంచాలని పైనుంచి ఆర్డరు. పొద్దుటి మెమో మీదా, మధ్యాహ్నం ఆర్డరు మీదా అదే మెత్తని సారు సంతకం. చేతిరాత మటుకు రెండోదాంట్లో కొంచెం వణికింది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "నా మాట విని పాతవి తగిలిస్తె ఏమయ్యేదో" అన్నాను.

"ఏమైతది, నీతోని రోజూ గీ అన్నమే తినేటోణ్ణి. గానీ గింత మంచిగ నిద్ర పట్టకపోవు" అని చారు పోసుకున్నాడు.

రిటైరయ్యేదాకా ఆ గదిలోనే కూర్చున్నాడు. మళ్ళీ కిందికి దిగలేదు.

ఇంతేనమ్మా. ఇంతసేపు విన్న మీ ఇళ్ళు చల్లగా ఉండాలి. పనికి పోయినవాళ్ళు వేళకు గడప తొక్కాలి, అన్నం వేడిగా ఉండగానే తినాలి. మోకాళ్ళ నొప్పులు మీ వాకిలి దాకా వచ్చి దారి తప్పి పోవాలి.