మామగారి మాత్ర, బురుల్చా దణ్ణం

మా తోటికోడలు బురుల్చాని ఎవరైనా ఒక్క మాటంటే నేనూరుకోను. కిర్గిజ్ దేశంలో, నారిన్ కొండల్లో మా ఊరి ఆరోగ్య సంఘానికి అదే పెద్ద. మా అత్తగారు పక్షవాతంతో చనిపోయాక అది అందులో చేరింది. ఇల్లిల్లూ తిరిగి బీపీ చూస్తుంది, మేం టీలో వేసుకునే ఉప్పు తగ్గించమని పోరుతుంది. ఉప్పు లేని పాలటీ మావాళ్ళ గొంతు దిగుతుందా?

"ముందు మీ మామకి చెప్పుకో పో," అని ఊరంతా దెప్పేది.

నిజమే మరి. మామగారి బీపీ రెండొందలు దాటింది. (ఆయన పేరడక్కండి, కోడళ్ళం పలకకూడదు.) డాక్టరు రోజూ వేసుకోమన్న మాత్ర తలనొప్పొస్తేనే వేసుకునేవాడు. "బాగున్నవాడికి మందెందుకే? నేనేమన్నా రోగిష్టినా?" అని కసిరేవాడు. ఎదురు చెప్పే నోరు మాకేదీ? అత్తగారిలాగే ఈయనా పోతాడని బురుల్చాకి ఒకటే బెంగ.

ఓ పొద్దున అది తెల్ల తలగుడ్డ చుట్టుకుని, పళ్ళెంలో టీ గిన్నె, పక్కన మాత్ర పెట్టి ఆయన ముందుంచింది. మోకాలి మీద చేతులుంచి కొత్తకోడలిలా వంగింది. ఓరి దేవుడో, కాపరానికొచ్చి ఇరవై ఏళ్ళయింది దానికి! వంగిన కోడల్ని దీవించి, ఆమె పెట్టింది పుచ్చుకోకపోతే పెద్దమనిషి పరువేం కాను?

"ఏంటే ఈ నాటకం?"

"దీవించండి నాన్నా."

"నూరేళ్ళు బతుకు!" అని గుర్రుమంటూ మాత్ర మింగాడు.

మర్నాడు గుర్రాలశాలలో దాక్కున్నాడు. అదీ తక్కువ తిన్లేదు, అక్కడికే వెళ్ళి పేడలో నిలబడి వంగింది. నాకైతే నవ్వాగలేదు. చలికాలమంతా ఇదే తంతు. మంచు కరిగేసరికి ఆయన బీపీ దిగొచ్చింది.

వసంతంలో నౌరోజ్ పండగ విందులో, మా ఊరి ముసలి అసనాలీ నలుగురి ముందూ ఎకసెక్కం మొదలెట్టాడు. "ఏమోయ్, కోడలు నిన్ను రోగిష్టిని చేసి కూచోబెట్టిందటగా?"

మామగారు గిన్నె కింద పెట్టాడు. "అవునోయ్, మింగుతున్నా. నన్ను బతికించుకోడానికి నా కోడలు రోజూ పేడలో నిలబడి వంగుతోంది. నువ్వు బతకాలని నీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

నా ఒళ్ళు పులకరించింది. ఇరవై ఏళ్ళలో ఆయన ఏ కోడల్నీ పైకి మెచ్చుకోలేదు మరి!

మర్నాడు పొద్దున్నే అసనాలీ కోడలు రొప్పుతూ వచ్చింది. "బురుల్చక్కా, మా మామగారు టీ ముట్టట్లేదు. 'నాకెందుకు వంగవు, నా మాత్రేదీ' అని అలిగి కూచున్నాడు!"

"మాత్ర సంగతి డాక్టరు చెప్తాడు. ముందాయన్ని తీసుకురా, బీపీ చూస్తాను," అని బురుల్చా మిషను తీసుకుని బయటికొచ్చింది.

అసనాలీ అప్పటికే మా వాకిట్లో నిలబడి చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.