సున్నా మందం గీత

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. దోమ కుడితే గద్ద తన్నుకుపోయిందంటాను. తెలిసినవాళ్లు నా మాటల్లో సగం తీసేసి వింటారు. మీరూ అలాగే కానివ్వండి.

మేడ్చల్‌లో ఒక టిఫిన్ సెంటరు పైన మా ఆఫీసు. మెట్లు ఎంత ఇరుకంటే, పూరీ తిన్నవాడు అది అరిగేదాకా పైకి రాలేడు. కంప్యూటర్ ఆన్ చేసి, శామీర్‌పేట వెళ్లి పార్కులో జింకలన్నిటినీ పేరుపేరునా పలకరించి వచ్చినా, తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ గదిలో కూర్చుని వెంచర్ల కాగితాలు తయారు చేస్తాను. సర్వేయర్ గీసిన లేఅవుట్ ఒక రకం ఫైలులో వస్తుంది, మా ప్రోగ్రాముకు ఇంకో రకం కావాలి. మార్చి లోపల పెడితే, ఒక్క బటన్‌తో ప్రతి ప్లాటుకూ నక్షాతో సహా కాగితం తయారవుతుంది. ఆ నక్షా ఫొటో లాంటిది కాదు. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఎంత మందం ఉండాలి అన్న లెక్క, అంతే. ఎంత పెంచినా చెదరదు. నాకు తగిన ఫైలు.

శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన మెట్ట చెలక అమ్మిన ఒక పటేల్ ఒకే షరతు పెట్టాడు. వాళ్ల ఇళ్లలో పోయినవాళ్లను సొంత చెలకలోనే పూడ్చి సమాధి కడతారు. చేను అమ్ముతారు గానీ సమాధి అమ్మరు. తల్లి లేని తనను పెంచిన అవ్వ ఈ చెలకలో ఒక మూలన ఉంది. ఆ కాస్త జాగా, అక్కడికి బాట వదిలేయాలి. సంతకానికి ముందు నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, మా అవ్వ ఏడున్నదో సూపియ్యి."

సర్వేయర్ ఫైలు తెరిచి, మూలన చిన్న చదరం చూపించాను.

"గింతేనా? మా అవ్వ గింత సన్నగ లేకుండె. ఇద్దరి బువ్వ ఒక్కతే తింటుండె."

"గీత సన్నగున్నది పటేలా, అవ్వ కాదు."

"ఉన్నది గద. సాలు."

సర్వేయర్ ఆ గీత మందం సున్నా అని పెట్టాడు. అతని ఫైలులో సున్నా అంటే వీలైనంత సన్నగా గీయమని. మేం మార్చుకునే ఫైలులో సున్నా అంటే అసలు గీయవద్దని. మార్చాక రోడ్లున్నాయి, పార్కుంది, సమాధి లేదు, బాట లేదు. నేను గమనించలేదు. బటన్ నొక్కాను. రెండు వేల ప్లాట్ల కాగితాలు వచ్చాయి. ప్రింటరు వేడికి కింద పూరీలు వాటంతటవే పొంగాయి. ఆ కాగితం చేతిలో పెట్టుకునే జేసీబీ అతను మూల ప్లాటు చదును చేశాడు.

పోయిన పెద్దలకు అన్నం పెట్టే పెత్రమాస రోజు పటేల్ అన్నం గిన్నెతో చెలకకు వెళ్లి, అదే గిన్నెతో మా మెట్లెక్కాడు.

"గా జేసీబాయన కాగితం సూపిచ్చిండు తమ్మీ. అండ్ల అవ్వ లేదు."

సున్నా సంగతంతా చెప్పాను. ఓపికగా విన్నాడు.

"అంటే ఎవలూ తీసెయ్యలే."

"ఎవలూ తియ్యలే పటేలా. మార్చేటప్పుడు పోయింది."

"మరి మట్టి ఏడ పోసిండ్రు?"

నాకు తెలియదు. ఇద్దరం నా బండి మీద లారీలు మట్టి తోలిన గుంతలన్నీ తిరిగాం. ఎక్కడ చూసినా అదే ఎర్రమట్టి. చివరికి ఒక కుప్ప దగ్గర ఆగి, అన్నం పెట్టి, "ఇగ గీడనే అనుకుందాం" అన్నాడు.

పూరీలూ జింకలూ మీరే తీసేసి ఉంటారు. ప్లాట్లు రెండు వేలు కాదు, అరవై. కానీ నేను నిజంగా కల్పించింది ఒక్కటే, గమనించలేదన్న మాట. మూల ఖాళీగా ఉండటం చూశాను. సర్వేయర్‌కు ఫోన్ చేయాలి, మళ్లీ మార్చాలి, అవతల వెంచర్ వాళ్లు తొందర పెడుతున్నారు. ఎవరడుగుతారులే అని నొక్కేశాను.

పటేల్ ఇప్పటికీ ఎదురుపడితే, "నువ్వేం జేస్తవు తమ్మీ, గా కంప్యూటర్ జేసిన పని" అని నన్ను ఓదారుస్తాడు. నేను తలూపుతాను.