హనుమయ్య మెత్తబరచని కోపం

1945 ఆగస్టు నెల. విజయవాడను తెరిపిలేని ముసురు పట్టి ఉంది. వన్ టౌన్‌లో షావుకారు వెంకటప్పయ్య బట్టల కొట్టు అరుగు మీద హనుమయ్య తడిసిన కండువా పిండుకుంటున్నాడు. పేరుకు గుమాస్తా; చేసే పని కోపాలు చల్లార్చడం. నూలుకు కంట్రోలు వచ్చి, నేతగాళ్ల వాటా నూలు ఆ కొట్టు ద్వారానే పంచడం మొదలైననాటినుంచి, మగ్గం ఆగిన నేతగాడెవరు కేకలేస్తూ వచ్చినా చేతికి మజ్జిగ చెంబిచ్చి, “వచ్చే వారం” అని సాగనంపేవాడు. ఆ రెండు మాటలకే అతడి నోరు అలిసిపోయింది.

“దాన్ని మాలిఫై అంటారోయ్” అన్నారు మేడ మీద అద్దెకుండే ఇంగ్లీషు మాస్టారు శౌరయ్య. “లాటినులో మొల్లిస్ అంటే మెత్తనిది. దానికి చేయడమనే క్రియ అతికితే ఈ మాట పుట్టింది. కోపాన్ని మెత్తబరచడం.”

మన భాష ఇక్కడ ఒక్క క్రియతో తృప్తిపడలేదు. పసివాణ్ణి బుజ్జగిస్తాం, అలిగినవారిని అనునయిస్తాం, పెద్దలను ప్రసన్నం చేసుకుంటాం. మోసపోయినవాణ్ణి ఏం చేయాలో చెప్పే క్రియ మాత్రం ఏ నిఘంటువులోనూ ఉన్నట్టు లేదు.

నేతగాళ్ల ఇంట పుట్టిన హనుమయ్య నిట్టూర్చాడు. “నూలునూ నానేసి మెత్తబరుస్తామండీ. ఆపైన గంజి పట్టించకపోతే మగ్గం మీద పుటుక్కుమంటది.”

“అయితే నీ మజ్జిగలో కాస్త గంజి కలుపు!”

మాస్టారు నవ్వుతుండగానే నేతగాడు రత్తయ్య గొడుగైనా లేకుండా వచ్చాడు.

“ఏం బావా, నా నూలేదీ? మగ్గం గుంటలో పిల్లి ఈనింది!”

లోపలినుంచి షావుకారు కనుసైగ చేశాడు. రత్తయ్య వాటా నూలు ఎప్పుడో చీకటి బజారుకు చేరిందని అతడికీ హనుమయ్యకూ మాత్రమే తెలుసు. హనుమయ్య చెంబు అందుకున్నాడు. ఇంకో వారం నమ్మించడానికి ఓపిక చాలలేదు. చెంబు కింద పెట్టేశాడు.

“నీ నూలు అమ్మేశారు బావా. ఇక రాదు. కంట్రోలు ఆఫీసులో అర్జీ పెట్టుకో.”

రత్తయ్య షావుకారు వంకైనా చూడలేదు. “తెలిసే ఇన్నాళ్లూ నాకు మజ్జిగ పోశావా? థూ!”

సాయంత్రానికి హనుమయ్య కొలువు పోయింది.

నాలుగేళ్లకు మైలవరం నుంచి మాస్టారికి ఉత్తరం వచ్చింది:

“శౌరయ్య మాస్టారికి హనుమయ్య నమస్కరించి వ్రాయునది. ఇచ్చట పొలము కౌలుకు చేయుచున్నాను. నడుము సహకరించుట లేదు. రత్తయ్య మగ్గము మరల ఆడుచున్నది. మొన్న సంతలో కనబడి నన్ను నలుగురిలో తిట్టినాడు. తిట్టనిచ్చినాను. తిట్టుట అయిన పిమ్మట నా ప్రక్కనే కూర్చుండి చుట్ట ముట్టించుకొన్నాడు.”