నలభై నిమిషాలు తల ఊపినవాడు

ఒక ఊరిని ఆగం చేయడానికి పెద్ద ఆయుధాలేమీ అక్కర్లేదు. ఒక మైకు, ఒక కెమెరా, ఆ రెండింటి మధ్యలో నాలాంటి తెలివైనవాడు ఒకడు ఉంటే చాలు. ఆ తెలివైనవాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు చోట్లా ఒకేసారి మొహం చెల్లకుండా ఎలా చేసుకున్నాడో చెబుతాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

నా పేరు సదా. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగాను. మరమగ్గాలు నడిచే ఇంట్లో మామూలుగా మాట్లాడితే ఎవరికీ వినబడదు కాబట్టి నా గొంతు చిన్నప్పుడే పెద్దదైపోయింది. ఆ గొంతు చూసి జగిత్యాలలో ఒక చిన్న లోకల్ ఛానల్ వాళ్లు నన్ను యాంకర్‌గా పెట్టుకున్నారు. కేబుల్లోనూ వచ్చేది, యూట్యూబ్‌లోనూ వచ్చేది. మా ఎడిటర్ విజయక్క. ఏళ్ల తరబడి పేపర్లలో పనిచేసి వచ్చిన మనిషి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వార్తలో అబద్ధాలు ఏరేది. నేనేమో రాళ్లతో సహా పొయ్యి మీద పెట్టే రకం.

ఆ రోజుల్లో కోరుట్లలో ఒకాయన పేరు కొత్తగా వినబడుతుండేది. పేరెందుకులెండి, వెంట తిరిగేవాళ్లు 'అన్న' అనేవారు, మనమూ అలాగే అనుకుందాం. పొద్దున లేస్తే ఫోన్లో వీడియోలు పెట్టేవాడు. పసుపు ధర పడిపోయినా, పొలంలో మోటరు కాలిపోయినా, చివరికి తన స్కూటర్ పంక్చరైనా ముస్లింలే కారణమనేవాడు. వాళ్ల దుకాణాల్లో ఏమీ కొనొద్దు, వాళ్లకు ఇళ్లు కిరాయికి ఇవ్వొద్దు అనేవాడు. ఆయన మాట వినేవాళ్లు అప్పటికి పిడికెడు మంది. ఆ పిడికెడును బస్తాడు చేసే బాధ్యత నేను తీసుకున్నాను.

"అక్కా, ఆయనను లైవ్‌కు పిలుస్త. మూడు పేజీల ప్రశ్నలు రాసిన. మొదటిదానికే నోరు మూతవడ్తది" అన్నాను విజయక్కతో.

ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లద్దాలు తీసిందంటే మనం తప్పు మాట్లాడామని అర్థం.

"లైవ్ ఎందుకు సదా? రికార్డు చేద్దాం. చెప్పింది నిజమా కాదా చూద్దాం. ఆయన ఎవలనైతే తిడ్తుండో వాళ్లతోని గూడ మాట్లాడదాం. గప్పుడు ఏద్దాం."

"లైవ్‌ల ఉన్న మజా రికార్డింగుల ఉండదక్కా."

"మజా కోసం పెట్టుకున్నమా మనం ఛానలు?"

నాలో ఒక గుణం ఉంది, ఎదుటివాళ్లు సరైన మాట చెబితే వాళ్లు ఊళ్లో లేని రోజు కోసం ఎదురుచూస్తాను. రెండు వారాలకు ఆ రోజు వచ్చింది. గురువారం పొద్దున విజయక్క చుట్టాల లగ్గానికి నిజామాబాద్ పోయింది. సాయంత్రం ఆరింటికి లైవ్ అని నేను ప్రకటన వేసేశాను.

అన్న పదిహేను మందితో వచ్చాడు. మా స్టూడియోలో కుర్చీలు నాలుగు. మిగతావాళ్లు గోడల వెంబడి నిలబడ్డారు. అన్న నా భుజం మీద చెయ్యేసి, "భయపడకు తమ్మీ, మంచిగ అడుగు" అన్నాడు. పులిని బోనులోకి పిలిచానని నేను అనుకుంటుంటే, పులి నా వీపు నిమురుతోంది. బోనులో ఉన్నది ఎవరో అప్పుడే అర్థం కావలసింది.

"అన్నా, మీరు చెప్పే మాటలకు ఆధారాలు ఏంది?" అని మొదటి ప్రశ్న అడిగాను.

"మస్తు మంచి ప్రశ్న అడిగినవ్ తమ్మీ" అని ఆయన నా వైపు కాక కెమెరా వైపు తిరిగాడు. అంతే. నలభై నిమిషాల పాటు నా వైపు మళ్లీ చూడలేదు. రెండో ప్రశ్న నా చేతిలోని కాగితం మీదే చెమటకు తడిసి చిరిగింది.

అది కూడా పెద్ద సంగతి కాదు. అసలు సంగతి నా తల. సాంచాల చప్పుడులో ఎవరేం చెప్పినా వినబడదు కాబట్టి మా వాడకట్టులో పిల్లలందరం పెద్దవాళ్ల మాటకు తల ఊపుతూ పెరిగాం. వినబడ్డా ఊపుతాం, వినబడకున్నా ఊపుతాం. పైగా నోటికి "అవునన్నా", "కరెక్టన్నా" అనే అలవాటు. ఆ నలభై నిమిషాలూ ఆయన విషం కక్కుతుంటే, నేను తర్వాత ఏం అడగాలా అని ఆలోచిస్తూ గంగిరెద్దులా తల ఊపుతున్నాను. ఆ ఊపుడు మూడు ఊళ్లూ చూస్తున్నాయి.

చివరికి అన్న గొంతు పెంచాడు. "రేపు పొద్దుగాల పది గంటలకు అందరం కోరుట్ల టైలర్ల గల్లీకి పోదాం. మహబూబ్ దుకాణం ముంగట కూసుందాం. ఒక్కలు గూడ ఆయనకు బట్టలు ఇయ్యకుంట చూద్దాం. ఏమంటవ్ తమ్మీ?"

నేనేమన్నానో మీరు ఊహించే ఉంటారు.

"అవునన్నా."

లైట్లు ఆర్పకముందే ఫోను మోగింది. విజయక్క. వెనక పెళ్లి బ్యాండు వినబడుతోంది.

"ఏం చేసినవ్ సదా?"

"అక్కా, ఇంతమంది ఎప్పుడు చూడలే మన లైవ్..."

"రేపు ఆ మనిషి దుకాణం మీద ఒక్క రాయి వడ్తే, చూసినోళ్లందరు వచ్చి జవాబు చెప్తరా, నువ్వు చెప్తవా?"

బ్యాండు ఆగింది.

"ముందుగాల ఆ వీడియో తీసెయ్. పోలీసులకు ఫోన్ చేసి ఆయన ఏం పిలుపు ఇచ్చిండో చెప్పు. రేపు పొద్దుగాల కోరుట్లకు పో. నేను అటే వస్త."

వీడియో తీసేశాను గానీ, అప్పటికే అన్న మనుషులు కావలసిన ముక్క కత్తిరించి అన్ని గ్రూపుల్లోనూ వేశారు. ఆ ముక్కలో అన్న మాట్లాడేది సగమే, మిగతాది నా తలకాయే. మళ్లీ ఫోను. సిరిసిల్ల నుంచి అమ్మ.

"కొడుకా, గాయన గట్ల మాట్లాడుతుంటే నువ్వు తలకాయ ఊపుతున్నవేంది?"

"అమ్మా, అది అలవాటుల ఊపిన."

"ఇమామ్ కాక గూడ చూసిండు. ఎప్పుడు మన సాంచాలు ఖరాబైనా ఆయనే కదరా బాగుచేసేది. ఇప్పుడే సామాన్లు సర్దుకోని, చాయ్ తాగకుంటనే పోయిండు. మీ బాపు ఆయన మొకం చూడలేకపోయిండు."

మా అమ్మ తిడితే నాకు భయం లేదు. ఆ రోజు తిట్టలేదు.

మర్నాడు తొమ్మిదింటికే కోరుట్ల టైలర్ల గల్లీలో ఉన్నాను. మహబూబ్ భాయ్ అరవై ఏళ్ల మనిషి, సన్నగా, మెడలో టేపు వేసుకుని కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోపే గుర్తుపట్టాడు.

"టీవీల తల ఊపినోనివి నువ్వే గదా?"

"అవును భాయ్." ఆ రెండు రోజుల్లో నేను సరిగ్గా అన్న 'అవును' అదొక్కటే. "తప్పయింది. మాఫీ అడుగుదామని వచ్చిన."

"మెడ నొయ్యలేదా బేటా?" అని స్టూలు చూపించాడు. "కూసో."

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆయన నాలుగుసార్లు ప్రయత్నించినా దారం సూదిలోకి ఎక్కలేదు. నలభై ఏళ్లుగా కుడుతున్న వేళ్లు అవి. ఐదోసారి నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను. నేత ఇంట్లో పుట్టినందుకు ఆ పొద్దున నాకు చేతనైన పని అదొక్కటే.

పదింటికి అన్న వచ్చాడు. ముప్పై మంది దాకా బండ్ల మీద వచ్చి దుకాణం ముందు బైఠాయించి నినాదాలు మొదలుపెట్టారు. ఇద్దరు కానిస్టేబుళ్లు పక్కన నిలబడ్డారు.

అన్న అన్నీ ఆలోచించాడు గానీ ఒక్కటి మరిచిపోయాడు. అది లగ్గాల సీజను.

ముందుగా మల్లాపూర్ నుంచి ఒకామె ఆటో దిగింది. లావుపాటి మనిషి, చేతిలో రెండు సంచులు. నినాదాల మధ్యలోంచి నేరుగా నడిచి వచ్చింది.

"జరుగుండ్రి. ఎల్లుండి నా బిడ్డ లగ్గం. పదకొండు జాకెట్లు ఈయన దగ్గర ఉన్నయి."

అన్న చేతులు జోడించాడు. "అమ్మా, ధర్మం కోసం జెర ఓపిక వట్టుండ్రి."

"ధర్మం జాకెట్లు కుడ్తదా?"

"అది గాదమ్మా..."

"నువ్వు కుడ్తవా? కుడ్తనంటే చెప్పు, బట్ట నీకే ఇస్త. చేతులకు బుట్టలు రావాలె, వెనక దోరీలు రావాలె. రేపు సాయంత్రానికి కావాలె."

అన్నకు ఏ వీడియోలోనూ ఇలాంటి ప్రశ్న ఎదురుకాలేదు. మూడు పేజీల ప్రశ్నలు రాసిన నేను దీన్ని రాయలేకపోయానే అని అంత భయంలోనూ సిగ్గుపడ్డాను. ఇంతలో ఇంకో ఆటో, దాని వెనక ఇంకోటి. పావుగంటలో గల్లీ నిండా ఆడవాళ్లే. నినాదాలు వినబడటం మానేశాయి. కూర్చున్నవాళ్లలో ఒకతనికి ఫోను వచ్చింది. "ఆ... ఆ... ఈడనే ఉన్న. సరే, తీసుకొస్త" అని పెట్టేసి, అన్న వైపు ఒకసారి చూసి, మెల్లగా లేచి వెళ్లి జాకెట్ల వరుసలో నిలబడ్డాడు. పదకొండు దాటేసరికి అన్న బండి స్టార్టు చేశాడు.

రాయి పడలేదు. అద్దం పగల్లేదు. నేను స్టూలు మీద కూర్చుని ఊపిరి వదిలితే, నిన్న సాయంత్రం ఆరింటి నుంచి పట్టుకున్న ఊపిరి అది అనిపించింది.

మధ్యాహ్నానికి విజయక్క పెళ్లికి కట్టుకున్న చీరలోనే వచ్చింది. ఆ సాయంత్రం మా ఛానల్లో మహబూబ్ భాయ్ మాట్లాడాడు, మల్లాపూర్ ఆమె ఆయన కంటే రెట్టింపు మాట్లాడింది. నేను తప్పు చేశానని, ఎక్కడ చేశానో, ఎందుకు చేశానో తల కదలకుండా చెప్పాను. అన్న మాటల ముక్క వేద్దామా అని అడిగితే విజయక్క, "ఆయన మాటలు మళ్ల ఏస్తే మనం మళ్ల చెప్పినట్టే. ఏం పిలుపు ఇచ్చిండో ఒక్క వాక్యంల చెప్పు, చాలు" అంది. రాత్రికి అమ్మ ఫోను చేసింది. ఇమామ్ కాక మా ఇంటికొచ్చాడట. బాపూ, ఆయనా మాటల్లేకుండా చెరో రెండు కప్పుల చాయ్ తాగారట. నాకు ఏడ్చినంత పనైంది.

ఇది జరిగిన రెండేళ్లకు, మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడ్డప్పుడు, అన్న మనిషి ఒకడు ఫోను చేశాడు.

"అన్న మీ ఛానల్ల మాట్లాడుతనంటుండు. లైవ్ పెట్టుండ్రి."

"లైవ్ లేదు. రికార్డు చేస్తం. ఆయన ఎవలనంటే వాళ్లు పక్క కుర్చీల కూసుంటరు. అబద్ధం చెప్తే ఆడనే ఆపుతం. ఒకల మీదికి జనాన్ని పొమ్మని చెప్తే ఏయనే ఏయం."

అటువైపు మనిషి నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగాడు.

"గట్లైతే అన్న ఏం మాట్లాడాలె?"

కాబట్టి మా ఛానల్ మైకు మీద కుడిచెయ్యి పెట్టి, చూసే మారాజులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ అన్నకూ లైవ్ ఇవ్వను, విజయక్క ఊళ్లో లేనప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోను, ఆమె ఊళ్లో ఉన్నప్పుడు కూడా తొందరపడి తీసుకోను.