నానో పిల్ల ఇంటర్వ్యూ

మా మనవరాలు విదేశంలో నానో సైన్సు మాస్టర్స్‌కి దరఖాస్తు చేసింది. ఇద్దరు లెక్చరర్ల సిఫార్సు ఉత్తరాలు పంపేసింది. మిగిలింది కంప్యూటర్లో ఇంటర్వ్యూ. అది ఈ రోజు జరిగింది. ఆ సమయంలో చప్పుడు ఉండకూడదని వాళ్ల షరతు. మా మధురానగర్ వీధిలో అదెలా కుదురుతుంది? గేటు దగ్గర కాపలా నాకు పడింది.

ఇంటర్వ్యూ మొదలైందో లేదో, పాత ఇనుప సామాన్ల బండి మైకు మోగించుకుంటూ వచ్చింది. సిగ్గు చంపుకుని ఎదురెళ్లాను.

"బాబూ, మైకు ఆపు. మా పిల్లకి ఇంటర్వ్యూ."

"ఏం సదువు తాతా?"

"నానో. కంటికి కనబడనంత చిన్నవాటి చదువంట."

"గంత చిన్నదానికి గింత లొల్లా? ఫికర్ చెయ్యకు, నేన్ జూస్కుంట."

మైకు ఆపేశాడు. నా ప్రాణం కుదుటపడింది. ఇంతలో ఒక ఆటో హారన్ కొట్టింది. ఈ బండి అబ్బాయి మళ్లీ మైకు అందుకున్నాడు.

"ఓ ఆటో అన్నా, హారన్ బంద్ చెయ్! గీడ నానో పిల్ల ఇంటర్వ్యూ నడుస్తున్నది!"

వీధి వీధంతా బయటికొచ్చింది. నేను గేటు వెనక నక్కాను.

కాసేపటికి మనవరాలు నవ్వుతూ వచ్చింది. "ఆ గొంతు ఎవరిదని ఇంటర్వ్యూ చేసే సార్లు అడిగారు తాతయ్యా. అది నా మూడో సిఫార్సు అన్నాను."

ఫలితం నెల తర్వాతనట. ఇక్కడ మాత్రం సాయంత్రం నుంచి కనబడినవాళ్లంతా సీటొచ్చిందా అంటున్నారు. నాకసలే మాటలు తక్కువ. ఇది చదివిన మీరు కూడా అడగొద్దు. కింద కామెంట్లో వస్తుందని మాత్రం రాయండి.